ఏటీసీ ఇచ్చిన ఎత్తు, పైలట్ ఎగిరిన ఎత్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైలట్ ఏటీసీ (నేల మీది నుంచి విమానాలకు దారి, ఎత్తు చెప్పే కంట్రోలర్ల వ్యవస్థ) చెప్పిన ఎత్తు దాటాడనో, విమానం ఉన్నట్టుండి కిందికి దిగిందనో వార్త వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొన్ని ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలవి. కొన్ని కిటికీ పక్క సీట్లో కూర్చుని భయపడ్డవాళ్లవి. ఇంకొన్ని, కొడుకో కూతురో ఫ్లైట్ ఎక్కాక ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ తెరిచి కూర్చునే అమ్మానాన్నలవి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదవండి.

## బయలుదేరే ముందు

అసలు ఎత్తు ఎవరు నిర్ణయిస్తారు? పైలటా, ఏటీసీయా?

అడిగేది పైలట్, ఇచ్చేది ఏటీసీ. విమానం బరువు, పైన గాలులు, ఇంధనం చూసుకుని ఎయిర్‌లైన్ వాళ్లు ఫ్లైట్ ప్లాన్‌లో ఒక ఎత్తు రాసి పంపుతారు. ఆ దారిలో అదే సమయానికి ఇంకెవరెవరు ఉన్నారో కంట్రోలర్‌కి తెలుసు కాబట్టి, అడిగినది ఖాళీగా ఉంటే ఇస్తారు, లేకపోతే ఇంకోటి ఇస్తారు.

దిక్కును బట్టి కూడా ఒక పద్ధతి ఉంది. తూర్పు వైపు వెళ్లేవాళ్లకు బేసి వేలు, పడమర వైపు వెళ్లేవాళ్లకు సరి వేలు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానానికి 31,000, 33,000 లాంటివి వస్తే, విశాఖ నుంచి తిరిగొచ్చేదానికి 30,000, 32,000 లాంటివి వస్తాయి. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు ఒకే ఎత్తులో ఉండకూడదన్నదే దీని ఉద్దేశం. ట్రాఫిక్ చూసుకుని కంట్రోలర్ దీన్ని మార్చొచ్చు. కానీ ఇచ్చిన ఎత్తును పైలట్ తిరిగి చదివి ఒప్పుకున్నాక, ఇంకో మాట చెప్పేదాకా అదే ఖాయం.

మన దేశంలో ఎక్కువ చోట్ల కంట్రోలర్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు. విశాఖలో మాత్రం ఆ పని నౌకాదళానిది. ఎందుకంటే అది ఐఎన్‌ఎస్ డేగ అనే నేవీ స్థావరం.

విమానంలో కెప్టెన్ మాటే ఫైనల్ అంటారు కదా, మరి ఏటీసీ మాట ఎందుకు వినాలి?

విమానం భద్రతకు చివరి బాధ్యత కెప్టెన్‌దే. ఇది అంతర్జాతీయ నిబంధనల్లోనూ ఉంది, మన నిబంధనల్లోనూ ఉంది. కానీ చుట్టుపక్కల ఆకాశంలో ఏముందో కెప్టెన్‌కి పూర్తిగా కనిపించదు. మబ్బుల్లో, చీకట్లో, 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు కళ్లతో చూసి తప్పించుకోవడం జరిగే పని కాదు. అందుకే మామూలుగా రెండే సందర్భాల్లో అనుమతి లేకుండా ఎత్తు మారడానికి వీలుంది: ఎమర్జెన్సీ, లేదా టీకాస్ (దగ్గరికి వచ్చే ఇంకో విమానాన్ని పసిగట్టే పరికరం) ఇచ్చే తప్పించుకునే ఆదేశం. రెండింట్లోనూ వీలైనంత త్వరగా ఏటీసీకి చెప్పి తీరాలి.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటి ఉంది. ఇచ్చిన ఎత్తు తనకు కుదరదనిపిస్తే పైలట్ ముందే 'అనేబుల్', అంటే 'నా వల్ల కాదు', అనొచ్చు. బరువు ఎక్కువగా ఉండి ఎక్కలేకపోయినా, ఆ ఎత్తులో ఉరుముల మబ్బు ఉన్నా, చెప్పిన సమయంలో దిగలేకపోయినా ఆ ఒక్క మాట చాలు. కంట్రోలర్లు దాన్ని తప్పుగా తీసుకోరు. సరేనని ఒప్పుకుని పాటించలేకపోవడమే వాళ్లకు కష్టం, ఎందుకంటే అప్పటికే మీ పైన, కింద ఇంకొకరిని పెట్టేసి ఉంటారు.

ఫ్లైట్ లెవెల్ 350 అంటే నేల నుంచి సరిగ్గా 35,000 అడుగులేనా?

కాదు. ఎత్తు చూపే మీటర్, అంటే ఆల్టిమీటర్, కొలిచేది గాలి పీడనాన్ని. పైన ఎగిరే విమానాలన్నీ తమ ఆల్టిమీటర్‌ను 1013.25 హెక్టోపాస్కల్ అనే ఒకే ప్రామాణిక పీడనానికి పెట్టుకుంటాయి. అసలు పీడనం ఆ రోజు వేరుగా ఉంటే నిజమైన ఎత్తు కొంత ఎక్కువో తక్కువో అవుతుంది. అయినా అందరికీ తేడా ఒకేలా ఉంటుంది కాబట్టి రెండు విమానాల మధ్య దూరం చెడదు.

కిందికి దిగేటప్పుడు మాత్రం ఆ ఊరి పీడనాన్ని పెట్టుకోవాలి. అది పెడితే రన్‌వే మీద ఆగినప్పుడు ఆల్టిమీటర్ సముద్రమట్టం నుంచి ఎత్తు చూపిస్తుంది: శంషాబాద్‌లో సుమారు 2,000 అడుగులు, విశాఖలో దాదాపు సున్నా. ఈ అంకె తప్పితే ప్రమాదం. ఒక్క హెక్టోపాస్కల్‌కి దాదాపు 28 అడుగులు తేడా వస్తుంది. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో దిగబోతున్న ఒక ఎయిర్‌బస్ 320కి కంట్రోలర్ 1001కి బదులు 1011 అని చెప్పారు. పైలట్లు దాన్నే పెట్టుకున్నారు. మీటర్ అంతా సరిగ్గానే చూపిస్తోంది, విమానం మాత్రం ఉండాల్సిన చోటు కంటే దాదాపు 280 అడుగులు కింద ఉంది. రన్‌వేకి ఇంకా మైలు దూరంలో ఉండగానే నేలకు 6 అడుగుల ఎత్తు వరకు వచ్చి, మళ్లీ పైకి లేచింది. అప్పటికే పైలట్లు ఇంకోసారి ప్రయత్నిద్దామని ఇంజిన్ శక్తి పెంచడం వల్ల అందరూ బతికారు.

## ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

ఆటోపైలట్ ఉండగా ఎత్తు ఎలా తప్పుతుంది?

ఆటోపైలట్ తనకు ఇచ్చిన అంకెనే పట్టుకుంటుంది. తప్పు అంకె ఇస్తే ఆ తప్పు ఎత్తునే చక్కగా నిలబెడుతుంది. ఏటీసీ 11,000 అంటే 10,000 అని తిప్పడం, వేరే విమానానికి ఇచ్చిన ఆదేశాన్ని తమదనుకోవడం, దిగేటప్పుడు ఆల్టిమీటర్ పీడనం మార్చడం మర్చిపోవడం, దారి మధ్యలో పాటించాల్సిన ఎత్తు పరిమితి కంప్యూటర్‌లోంచి చెరిగిపోవడం, ఇవన్నీ జరిగేవే. చాలావాటికి మూలం అదే సమయంలో ఇంకో పని మీద పడటం: ఒకరు చెక్‌లిస్టు చదువుతుంటారు, ఇంకొకరు క్యాబిన్ సిబ్బందితో మాట్లాడుతుంటారు, సరిగ్గా అప్పుడే ఎత్తు మారుతుంది.

అందుకే కాక్‌పిట్‌లో ఒక పద్ధతి పాటిస్తారు. ఒక పైలట్ అంకె తిప్పుతాడు, రెండో ఆయన దాన్ని చూసి, వేలు పెట్టి చూపించి, పైకి చదువుతాడు. ఆ ఎత్తుకు ఇంకా 1,000 అడుగులు ఉందనగా మళ్లీ ఒకరు నోటితో చెబుతారు, ఇంకొకరు సరే అంటారు. ఆ చివరి 1,000 అడుగుల్లో వేగం నిమిషానికి 1,500 అడుగులకు మించకుండా చూసుకోమని అంతర్జాతీయ సూచన. అంతకన్నా వేగంగా వస్తే విమానం ఎత్తు దాటిపోవచ్చు. దాటకపోయినా, పై విమానంలో టీకాస్ అనవసరంగా మోగొచ్చు. వేలు పెట్టి చూపించడం చూసేవాళ్లకు చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం కాక్‌పిట్‌లో అంత తక్కువ ఖర్చుతో అంత భద్రత ఇచ్చే అలవాటు ఇంకోటి లేదు.

రేడియోలో ఒకటి చెబితే ఇంకోటి వినిపిస్తే ఏమవుతుంది?

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఇదే జరిగింది. ఫ్లైయింగ్ టైగర్ సంస్థ సరుకుల విమానం, బోయింగ్ 747, దిగడానికి వస్తోంది. కంట్రోలర్ 2,400 అడుగులకు దిగమన్నారు, కానీ చెప్పిన తీరు 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో'. మొదటి 'టూ' అంకె అని పైలట్లకు తట్టలేదు. 'ఫలానా ఎత్తుకు' అని చెప్పేటప్పుడు వాడే ఇంగ్లీష్ 'టు' (to) అనుకున్నారు. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని తిరిగి చెప్పారు, అంటే 400 అడుగులు. కంట్రోలర్ దాన్ని సరిదిద్దలేదు. నేల దగ్గరపడుతోందని హెచ్చరిక మోగినా విమానం దిగుతూనే వెళ్లి కొండను ఢీకొంది. నలుగురు సిబ్బందీ చనిపోయారు.

విన్నది తిరిగి చదవడం ఒక పని, ఆ చదివింది కంట్రోలర్ శ్రద్ధగా వినడం ఇంకో పని. రెండూ జరిగితేనే ఆదేశం చేరినట్టు. '2,400' అనాల్సి వస్తే 'టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్' అని వేలు, వందలు విడగొట్టి చెప్పాలి. పైలట్ కూడా ఉత్త 'రోజర్' అని వదిలేయకూడదు, అంకె మొత్తం తన విమానం పేరుతో సహా చదవాలి. కాక్‌పిట్‌లో ఇద్దరికీ వేర్వేరుగా వినిపిస్తే ఆలోచించాల్సిన పనే లేదు, వెంటనే మళ్లీ అడగాలి. మన పిల్లల్లో కొందరికి ఇంగ్లీష్ తప్పు పోతుందేమోనని రేడియోలో మళ్లీ అడగడానికి మొహమాటం. ఆ మొహమాటం మొదటి రోజే వదిలేయండి.

ఎన్ని అడుగులు తేడా వస్తే తప్పు కింద లెక్క?

సాధారణంగా 300 అడుగులు. పైన 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాలను 1,000 అడుగుల దూరంలోనే నడుపుతారు కాబట్టి అక్కడ 200 అడుగులకే 'లెవెల్ బస్ట్'గా చూస్తారు. పైలట్లకు శిక్షణలో మాత్రం 100 అడుగులు కూడా కదలకుండా పట్టమని నేర్పుతారు.

హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఢీకొన్నప్పుడు ఏం జరిగింది? తప్పు ఎవరిది?

1996 నవంబర్ 12 సాయంత్రం. సౌదీ విమానం, బోయింగ్ 747, ఢిల్లీ నుంచి లేచి పడమరకు ఎక్కుతోంది. అందులో 312 మంది. గల్ఫ్‌లో పనులకు వెళ్తున్న భారతీయులు వాళ్లలో చాలామంది. కజకిస్తాన్ విమానం, ఇల్యూషిన్ 76, షిమ్కెంట్ నుంచి ఢిల్లీకి దిగుతోంది. అందులో 37 మంది. అప్పట్లో ఢిల్లీకి ఆ వైపు రావడానికీ పోవడానికీ ఒకటే దారి. సౌదీ విమానానికి 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు, కజక్ విమానానికి 15,000 దగ్గర. మధ్యలో 1,000 అడుగులు. ఏర్పాటు నిబంధనల ప్రకారమే ఉంది.

కజక్ విమానం 15,000కి చేరామని రేడియోలో చెప్పింది. ఎదురుగా సౌదీ విమానం వస్తోందని, 14 మైళ్ల దూరంలో ఉందని కంట్రోలర్ హెచ్చరించారు, అది 14,000లో ఉందని కూడా చెప్పారు. కానీ కజక్ విమానం 15,000 దగ్గర నిలవలేదు, దిగుతూ పోయింది. ఆ విమానంలో రేడియో మాట్లాడేది విడిగా ఒక ఆపరేటర్. ఆయనకంటూ ఆల్టిమీటర్ లేదు, పైలట్ల భుజాల మీదుగా చూసి తెలుసుకోవాలి. ఎత్తులు మీటర్లలో లెక్కపెట్టే అలవాటున్న సిబ్బందికి ఇక్కడ ఆదేశాలు అడుగుల్లో, పరాయి భాషలో వస్తున్నాయి. ఎత్తు తప్పిందని ఆపరేటర్ గుర్తించి పైలట్లకు చెప్పాడు, విమానాన్ని పైకి లేపబోయారు. అప్పటికే ఆలస్యమైంది, రెండూ ఢీకొన్నాయి. 349 మందీ చనిపోయారు. ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమంది ఇంకెక్కడా పోలేదు.

జస్టిస్ ఆర్.సి. లాహోటి కమిషన్ విచారించి, ఇచ్చిన ఎత్తును కజక్ విమానం వదిలి దిగడమే కారణమని తేల్చింది. అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఆ రోజు ఢిల్లీ కంట్రోలర్ ముందున్న రాడార్‌లో విమానాలు చుక్కల్లా కనిపించేవి, ఎత్తు కనిపించేది కాదు. ఎత్తు చూపించే సెకండరీ రాడార్ ఏర్పాటు పనులు అప్పటికి ఇంకా పూర్తికాలేదు. పైలట్ నోటి మాట తప్ప ఆయనకు ఇంకో ఆధారం లేదు. తప్పు చేసినవాళ్లు కాక్‌పిట్‌లో ఉన్నారు, ఆ తప్పును పట్టుకునే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే పోయినవాళ్లకు న్యాయం చేసినట్టు కాదని నా నమ్మకం.

ఆ ప్రమాదం తర్వాత మన దగ్గర ఏం మారింది?

ఢిల్లీలో వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు. సెకండరీ రాడార్ పనిలోకి వచ్చింది. మన ఆకాశంలోకి వచ్చే ప్రయాణికుల విమానాలకు టీకాస్ తప్పనిసరి చేశారు. 2003 నవంబర్‌లో మన దేశంలో కూడా పై ఎత్తుల్లో దూరాన్ని 2,000 నుంచి 1,000 అడుగులకు తగ్గించగలిగారంటే, కొలిచే పరికరాల మీద నమ్మకం అంత పెరగబట్టే.

## పైన ప్రయాణంలో

ట్రాకింగ్ యాప్‌లో 35,000 బదులు 34,975 అని చూపిస్తోంది. పైలట్ ఎత్తు తప్పాడా?

లేదు. విమానం తన ఎత్తును 25 అడుగుల మెట్లలో పంపుతుంది, అందుకే 34,975, 35,025 మధ్య ఊగడం మామూలే. యాప్‌లో కనిపించేది ఎక్కువగా ప్రామాణిక పీడనం ప్రకారం లెక్క, అందువల్ల దిగే సమయంలో విమానాశ్రయం అసలు ఎత్తుతో సరిపోదు. ఒక్కోసారి సిగ్నల్ తప్పి అంకె ఒక్కసారిగా వేల అడుగులు పడిపోయినట్టు కూడా చూపిస్తుంది. పిల్లలు ఫ్లైట్‌లో ఉండగా యాప్ చూసి టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఒక్క అంకెను చూడకండి, రెండు మూడు నిమిషాల గీత చూడండి.

కిటికీలోంచి ఇంకో విమానం చాలా దగ్గరగా వెళ్లింది. తప్పించుకున్నామా?

దాదాపు ఎప్పుడూ అది సరైన దూరమే. 1,000 అడుగులంటే 305 మీటర్లు. పక్కన పోల్చుకోవడానికి చెట్టు, ఇల్లు ఏమీ లేనిచోట అంత పెద్ద విమానం 305 మీటర్ల కింద నుంచి వెళ్తే పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా ఎదురెదురుగా వస్తే ఇద్దరి వేగం కలిసి సెకనుకు అర కిలోమీటరు. కనిపించి మాయమయ్యేలోపే గుండె ఝల్లుమంటుంది. మీ విమానం ఒక్కసారిగా పైకో కిందికో కదిలిందా లేదా అన్నది గమనించండి. కదలకపోతే ఇద్దరూ తమ తమ ఎత్తుల్లో వెళ్లినట్టే.

టర్బ్యులెన్స్‌లో విమానం వేల అడుగులు పడిపోయిందంటారు, నిజమా?

చాలాసార్లు పదుల అడుగులే, కడుపులో మాత్రం వేల అడుగుల్లా తోస్తుంది. తీవ్రమైన గాలుల్లో నిజంగా కొన్ని వందల అడుగులు పోవచ్చు. అప్పుడు పైలట్ ఎత్తును మొండిగా పట్టుకోవడానికి ప్రయత్నించడు. ముక్కు, రెక్కలు సమంగా ఉంచి, వేగం కాపాడుకుని, ఎత్తు నిలవడం లేదని ఏటీసీకి చెబుతాడు. కంట్రోలర్ చుట్టుపక్కల వాళ్లను పక్కకు జరుపుతారు.

ఎదురుగా పెద్ద మబ్బు ఉంది, ఏటీసీ దారి ఇవ్వడం లేదు. అప్పుడు పైలట్ ఏం చేయాలి?

ముందు గట్టిగా అడగాలి. 'వెదర్ డీవియేషన్ రిక్వైర్డ్' అని చెబితే కంట్రోలర్లు దానికి ప్రాధాన్యం ఇస్తారు. సముద్రాల మీద అనుమతి అందకపోతే ఏం చేయాలో అంతర్జాతీయంగా రాసిపెట్టి ఉంది. దారి నుంచి 5 నాటికల్ మైళ్లకు మించి పక్కకు జరగాల్సి వస్తే, ఎత్తు 300 అడుగులు మార్చుకోవాలి. తూర్పుకు వెళ్తూ ఎడమకు తిరిగితే 300 దిగాలి, కుడికి తిరిగితే 300 ఎక్కాలి. పడమరకు వెళ్తుంటే దానికి తిరగేసి. పక్క దారుల్లో ఉన్నవాళ్లతో ఒకే ఎత్తులో పడకుండా ఈ ఏర్పాటు. లైట్లన్నీ వేసి, ఏం చేస్తున్నారో రేడియోలో చెబుతూ ఉండాలి.

నేల మీద, సరిహద్దుల దగ్గర ఇది ఇంకా కష్టం. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల తుఫానులో చిక్కుకుంది. పక్కకు తిరగడానికి అడిగితే మన వైపు నుంచీ, లాహోర్ నుంచీ అనుమతి రాలేదు. తుఫానులో ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో దిగిందని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. పైలట్లు చేత్తో నడిపి, ఎమర్జెన్సీ ప్రకటించి, ముక్కు దెబ్బతిన్న విమానాన్ని శ్రీనగర్‌లో దించారు. ఎవరికీ గాయాలు కాలేదు. అలాంటి చోట ఆ పైలట్లను ఎత్తు ఎందుకు తప్పారని అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

## ప్రమాదం ఎదురైనప్పుడు

టీకాస్ ఎక్కమంటుంది, ఏటీసీ దిగమంటుంది. ఎవరి మాట వినాలి?

టీకాస్ మాటే, అనుమానం అక్కర్లేదు. ఈ జవాబు ఇంత స్పష్టంగా రావడానికి 71 ప్రాణాలు పోయాయి. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ మీద ఒక డీహెచ్‌ఎల్ సరుకుల విమానం, రష్యా బడిపిల్లలు ఉన్న ఒక టుపోలెవ్ 154 రెండూ 36,000 అడుగుల ఎత్తులో ఒకదానికొకటి అడ్డంగా వస్తున్నాయి. జ్యూరిక్‌లో ఒకే కంట్రోలర్ రెండు స్థానాలు చూస్తున్నారు. ఫోన్ వ్యవస్థ మరమ్మతులో ఉంది. ఆయన ఆలస్యంగా గమనించి టుపోలెవ్‌ను దిగమన్నారు. అదే సమయంలో దాని టీకాస్ ఎక్కమంది, ఎదుటి విమానం టీకాస్ దిగమంది. సరుకుల విమానం టీకాస్ మాట విని దిగింది. టుపోలెవ్ కంట్రోలర్ మాట విని దిగింది. రెండూ కలిసే దిగి ఢీకొన్నాయి.

రెండు విమానాల టీకాస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒకటి పైకి, ఒకటి కిందికి అని పంచుకుంటాయి. ఒక్కరు వినకపోయినా ఆ ఒప్పందం చెడిపోతుంది. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధనల్లో దీన్ని అనుమానం లేకుండా రాశారు: కంట్రోలర్ ఏం చెప్పినా, టీకాస్ ఆదేశం వస్తే దాన్నే పాటించాలి, దానికి ఎదురు దిశలో ఎప్పుడూ పోకూడదు.

టీకాస్ మోగితే కాక్‌పిట్‌లో ఏం జరుగుతుంది?

మొదట 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటుంది. అది హెచ్చరిక మాత్రమే, దాన్ని చూసి ఎత్తు మార్చకూడదు. తర్వాత 'క్లైంబ్' అనో 'డిసెండ్' అనో అంటే 5 సెకన్లలోపు పైలట్ కదలాలి, సాధారణంగా నిమిషానికి 1,500 అడుగుల వేగంతో. కొత్త ఎయిర్‌బస్ విమానాల్లో ఇది ఆటోపైలటే చేసే ఏర్పాటు ఉంది. ఏటీసీకి 'టీకాస్ ఆర్ఏ' (టీకాస్ ఆదేశం వచ్చింది) అని రెండే ముక్కలు చెబుతారు. అక్కడి నుంచి కంట్రోలర్ ఆ విమానానికి ఎత్తు మార్చమని చెప్పకూడదు. 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్', అంటే ముప్పు తప్పిందని, వినిపించాక పాత ఎత్తుకు తిరిగి వెళ్తూ ఆ మాట ఏటీసీకి చెప్పాలి.

క్యాబిన్‌లో గాలి పీడనం పోతే పర్మిషన్ కోసం ఆగుతారా?

ఆగరు. 35,000 అడుగుల్లో ఆక్సిజన్ లేకుండా మనిషి తెలివిగా పనిచేయగలిగేది 30 నుంచి 60 సెకన్లు. పైలట్ ముందు తన మాస్క్ పెట్టుకుంటాడు, 10,000 అడుగులకు వేగంగా దించడం మొదలుపెడతాడు, విమానం వివరాలను రాడార్‌కి పంపే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెడతాడు, ఆపదలో ఉన్నామని రేడియోలో 'మేడే' అంటాడు. ఆ కోడ్ కంట్రోలర్ తెరమీద వెంటనే మెరుస్తుంది, కిందున్న విమానాలను పక్కకు తిప్పడం వాళ్ల పని. ప్రయాణికుల మాస్కుల్లో సాధారణంగా 12 నిమిషాలో ఇంకొంచెం ఎక్కువో సరిపడా ఆక్సిజన్ ఉంటుంది, అందుకే ఆ దిగడం అంత నిటారుగా ఉంటుంది. విమానం కూలిపోతోందని అనుకోకండి. ముందు మీ మాస్క్, తర్వాత పక్కనున్న పిల్లలది.

రేడియో పనిచేయకపోతే ఏ ఎత్తులో వెళ్లాలి?

ట్రాన్స్‌పాండర్‌లో 7600 కోడ్ పెట్టాలి. రాడార్ ఉన్న ఆకాశంలో చివరిగా ఇచ్చిన ఎత్తు, వేగం 7 నిమిషాలు అలాగే ఉంచి, తర్వాత ఫ్లైట్ ప్లాన్‌లో రాసిన ప్రకారం వెళ్లాలి. రాడార్ లేనిచోట ఆ గడువు 20 నిమిషాలు. కొన్ని దేశాలకు సొంత పద్ధతులు ఉంటాయి, వెళ్లే ముందు చూసుకోవాలి.

## దిగిన తర్వాత

ఎత్తు తప్పితే కంట్రోలర్‌కి ఎలా తెలుస్తుంది?

ట్రాన్స్‌పాండర్ పంపే ఎత్తు తెరమీద విమానం పేరు పక్కనే కనిపిస్తుంది. ఇచ్చిన ఎత్తుకూ దానికీ తేడా వస్తే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. రెండు విమానాలు దగ్గరవుతుంటే ఇంకో హెచ్చరిక మోగుతుంది. కొన్ని దేశాల్లో పైలట్ ఆటోపైలట్‌లో తిప్పిన అంకె కూడా కంట్రోలర్‌కి కనిపిస్తుంది, అంటే విమానం తప్పకముందే తప్పును పట్టుకోవచ్చు. ముందు ఎత్తు ఒకసారి సరిచూసుకోమంటారు, అవసరమైతే వెంటనే తిరగమంటారు. ఎందుకు తప్పారన్న సంగతి తర్వాత.

లైసెన్స్ పోతుందా?

పోవచ్చు, కానీ ప్రతిసారీ కాదు. లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం డీజీసీఏకి ఉంది. తీవ్రమైన సంఘటనలను విమాన ప్రమాదాల విచారణ సంస్థ ఏఏఐబీ విచారిస్తుంది. ఎమర్జెన్సీ వల్లో టీకాస్ వల్లో ఎత్తు మారితే అది తప్పే కాదు. పొరపాటున జరిగినదానికి సాధారణంగా మళ్లీ ట్రైనింగ్ ఇస్తారు. నిర్లక్ష్యం, దాచిపెట్టడం ఉంటే చర్య గట్టిగా ఉంటుంది.

అమెరికా పద్ధతి ఇక్కడ చెప్పుకోవాలి. 1976 నుంచి అక్కడ నాసా ఒక రిపోర్టింగ్ వ్యవస్థ నడుపుతోంది. కావాలని చేయని తప్పును పైలట్ 10 రోజుల్లోపు తనంతట తాను రాసి పంపితే, కొన్ని షరతులకు లోబడి, శిక్ష వేయరు. రాసినవాళ్ల పేరు తీసేసి, విషయాన్ని అందరికీ పాఠంగా అందిస్తారు. రిపోర్టులు నాసా చేతికి వెళ్తాయి, శిక్ష వేసే సంస్థ చేతికి వెళ్లవు. అందుకే పైలట్లు నమ్మి రాస్తారు. మన దగ్గర కూడా స్వచ్ఛందంగా రిపోర్ట్ చేసే ఏర్పాటు ఉంది. రాస్తే ఉద్యోగానికి ఎసరు వస్తుందన్న భయం పోతేనే అది నిండుగా పనిచేస్తుంది.

నేను ప్రయాణికుణ్ని. ఏదో తప్పు జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పాలి?

దిగేటప్పుడు సిబ్బందిని మర్యాదగా అడగండి, చాలాసార్లు కారణం అక్కడే తెలుస్తుంది. తృప్తి లేకపోతే ఫ్లైట్ నంబరు, తేదీ, సమయం రాసి ఎయిర్‌లైన్‌కి, డీజీసీఏకి పంపండి. ఆ సమయం దొరికితే విమానంలోని రికార్డింగ్ డేటాలో అసలు ఏం జరిగిందో వాళ్లు చూడగలరు. వీడియోను ముందే అందరికీ పంచి పైలట్‌ను దోషిని చేయకండి.

ట్రైనింగ్‌లో సోలో వెళ్లినప్పుడు 300 అడుగులు పైకి పోయాను, ఎవరూ అడగలేదు. చెప్పాలా?

చెప్పాలి, అదే రోజు, ఇన్‌స్ట్రక్టర్‌కి. హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకచోట ట్రైనింగ్ విమానం, ఇంకోచోట వాయుసేన జెట్. అక్కడ 300 అడుగులు చిన్న సంగతి కాదు. ఏ సమయానికి, ఏం చేస్తుండగా పోయిందో రాసుకోండి: రేడియో మాట్లాడుతుండగానా, మ్యాప్ చూస్తుండగానా, మలుపు తిప్పుతుండగానా. ట్రిమ్ (చేత్తో పట్టుకోకపోయినా విమానం ఎత్తు నిలబెట్టేలా చేసే సర్దుబాటు) సరిగ్గా పెట్టుకున్నారా లేదా అన్నదీ రాయండి, సోలోలో ఎత్తు జారడానికి తరచుగా అదే కారణం. ఆ కాగితం తీసుకుని ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్తే, తర్వాతి ఫ్లైట్‌లో ఆ ఒక్క పనినే మీ చేత పదే పదే చేయిస్తారు.